మూత పలికితేనే మృదంగం

కచేరీలో అందరి కళ్లూ వేళ్ల వేగం మీద ఉంటాయి. నా చెవి మాత్రం తొప్పి మీదే, ఆ మంద్రంగా పలికే మూత మీదే ఉంటుంది. పళని సుబ్రహ్మణ్య పిళ్లై మృదంగం విన్నవాడికి మరో దారి లేదు. ఆయనది ఎడమచేతి వాటం. తొప్పి మీద ఆయన పలికించే గుమికీ గుండెలో పుట్టినట్టు లేచి, పాట కింద మెత్తగా పరుచుకుంటుంది. పాల్ఘాట్ మణి అయ్యర్ అభిమానులు నన్ను క్షమించాలి, నేను పళని పక్షమే!

ఆ వెచ్చని నాదంలో సగం చేతిదైతే సగం తోలుది. పనస కట్టె గొప్పదనం అందరూ చెప్పేదే, తోలు సంగతి వినండి. వలంతలలో, అంటే తొప్పికి ఎదుటి మూతలో, లోపల మేకతోలు, దాని మీద వలయంగా కోసిన ఆవుతోలు. తొప్పికి పై వలయం గేదెతోలు. పనితనమెరిగినవాడు తోలును వెలుతురుకెత్తి, వేళ్లతో తడిమి మందం చూస్తాడు. రెండు మూడు ఈతలైన ఆవు తోలు మేలని మృదంగం కట్టేవాళ్ల ఇళ్లలో మాట.

అసలు విద్య కరణిలో, అంటే వలంతల నడుమ నల్లటి పూతలో ఉంది. అన్నం ముద్దలో నల్లరాయి పొడి కలిపి పలచటి పొర పూయాలి, నున్నటి రాయితో రుద్దాలి, మళ్లీ పొర, మళ్లీ రుద్దుడు. చివరికి వెంట్రుకవాసి పగుళ్లు తేలతాయి. ఆ పగుళ్లే తోలును ఊగనిస్తాయి. ఈ నడిమి బరువు వల్లే మన మద్దెల ఉపస్వరాలు శృతిలో పడతాయని 1920లో సి.వి. రామన్, శివకాళీ కుమార్ ‘నేచర్’ పత్రికలో రాశారు. పనివాడి చెవికి అది ఎప్పుడో తెలుసు.

వెచ్చదనం కోరేవారు తగ్గుస్థాయి కట్టె తీసుకోండి. కరణి కాస్త నిండుగా వేయించండి. తొప్పికి తడిపిన బొంబాయి రవ్వే పెట్టండి. కడిగే శ్రమ లేదని సిలికాన్ ముద్ద అంటించేవాళ్లను చూస్తే నా ఒళ్లు మండుతుంది. రవ్వ ఆరుతూ, తడుస్తూ పాటతోపాటు బతుకుతుంది. ఆ ముద్దకు ప్రాణమేదీ?

ఎల్లా వెంకటేశ్వరరావుగారి నవమృదంగం తలుచుకోండి. తొమ్మిది మృదంగాలు, పద్దెనిమిది మూతలు! ఒక్కటి జారినా రసాభాసే. విజయవాడలో దండమూడి రామమోహనరావు, సుమతి దంపతుల చేతుల్లో ఎంత మెత్తని దెబ్బైనా మాటలా వినిపించేది. అలాంటి చేతులకు తగిన మూతలు ఇప్పుడెక్కడ? ఓ దుకాణంలో నేను కొన్న మృదంగం కరణి నెల తిరక్కుండానే పెచ్చులూడింది. నట్లు బిగించిన మృదంగాలు, ఫైబర్‌గ్లాసు మృదంగాలు వచ్చాయి. ఉమయాళ్‌పురం శివరామన్ అంతటివారు ఫైబర్‌గ్లాసును చేపట్టారు, ఆయన చేతిలో అదీ పలికింది. అయినా నా మనసొప్పదు. ఇక మైకు సంగతి: మణి అయ్యర్ దాన్ని వద్దన్నారు. ఆ ఒక్క విషయంలో నేను ఆయన శిష్యుణ్ణి. మైకు కోసం మూతను బిగించి బిగించి ఇనప రేకు చేశారు.

మణి అయ్యర్ నాదం వెనుక పర్లాందు అనే పనివాడు ఉన్నాడు. గాయకుడు టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకం రాసేదాకా మనలో ఎందరికి ఆ పేరు తెలుసు? పశువు తోలు ముట్టాడని అతణ్ణి దూరంపెట్టి, ఆ తోలు మీది నాదానికి చేతులు జోడించాం. సభల కార్యదర్శులారా, వచ్చే కచేరీలో మృదంగ విద్వాంసుడి పేరు చదివాక మూత కట్టినవారి పేరు కూడా చదవండి. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి.