మాలిక్ కాఫూర్ దక్షిణ దండయాత్రలు: సమకాలీన రచనల విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• మాలిక్ కాఫూర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను, అతని దండయాత్రల క్రమాన్ని వివరించగలుగుతారు.
• అమీర్ ఖుస్రో, జియావుద్దీన్ బరనీ, ఇసామీ రచనల మధ్య తేడాలను, వాటి వెనక కారణాలను చెప్పగలుగుతారు.
• ఒక చారిత్రక రచనలో నమ్మదగిన సమాచారాన్ని రచయిత అభిప్రాయం నుంచి వేరు చేసి చూడగలుగుతారు.

1. ప్రవేశిక

కాకతీయుల చరిత్ర చదివినవారికి మాలిక్ కాఫూర్ పేరు కొత్త కాదు. 1310లో ఓరుగల్లును ముట్టడించి, ప్రతాపరుద్రుని చేత కప్పం కట్టించిన ఢిల్లీ సేనాని ఇతడే. తెలుగు పుస్తకాల్లో 'కాఫర్' అని కూడా రాస్తుంటారు గాని, అసలు రూపం కాఫూర్. ఆ మాటకు కర్పూరం అని అర్థం. బానిసలకు ఇటువంటి పేర్లు పెట్టడం ఆనాటి అలవాటు.

ఇతని గురించి మనకు రెండు బొమ్మలు అలవాటయ్యాయి. ఒకటి, ఓటమి ఎరగని మహా సేనాని. రెండోది, యజమాని నమ్మకాన్ని దుర్వినియోగం చేసిన కుట్రదారు. ఈ రెండూ అతని సమకాలికులో, ఆ తరవాతి తరం వారో గీసినవే. కాఫూర్ తన గురించి తాను రాసుకున్నదేమీ మనకు దక్కలేదు. కాబట్టి అతని జీవితాన్ని చదవడమంటే, అతని గురించి రాసినవారిని చదవడమే. ఆ రచయితలు ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారు అన్న ప్రశ్నలు వేయకుండా ఏ బొమ్మనూ అంగీకరించకూడదన్నది ఈ పాఠం ప్రతిపాదన.

2. జీవిత రేఖలు

1299లో అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం ఉలుగ్ ఖాన్, నుస్రత్ ఖాన్‌ల నాయకత్వంలో గుజరాత్‌పై దాడి చేసింది. ఖంబాత్ రేవు పట్టణంలో ఒక వర్తకుని దగ్గర బానిసగా ఉన్న కాఫూర్‌ను నుస్రత్ ఖాన్ పట్టుకుని ఢిల్లీకి పంపాడు. వెయ్యి దీనారాల ఖరీదు పలికినవాడు కనుక 'హజార్ దీనారీ' అనే పేరు వచ్చింది. ఇతడు నపుంసకుడు. ఇస్లాం స్వీకరించాడు. కొద్ది సంవత్సరాల్లోనే సుల్తాన్ అభిమానం సంపాదించి, చివరకు రాజ్యంలో 'నాయబ్' స్థానానికి ఎదిగాడు. బరనీ అతన్ని ఎక్కువగా 'మాలిక్ నాయబ్' అనే పేర్కొంటాడు.

అతని ముఖ్య దండయాత్రల క్రమం ఇది:

1306: పంజాబ్‌లో మంగోలులపై విజయం.
1307-08: దేవగిరి. యాదవ రామచంద్రుడు లొంగిపోయి ఢిల్లీ వెళ్లాడు. సుల్తాన్ అతనికి 'రాయ్ రాయాన్' బిరుదు ఇచ్చి తిరిగి పంపాడు.
1309-10: ఓరుగల్లు. ప్రతాపరుద్రుడు ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు.
1310-11: ద్వారసముద్రం, మాబర్ (పాండ్య దేశం). హోయసల వీర బల్లాలుడు లొంగిపోయాడు. మధుర దోపిడీకి గురైంది.

ఆ తరవాత కాఫూర్ దేవగిరిలో పాలకుడుగా కొంతకాలం ఉన్నాడు. అల్లావుద్దీన్ జబ్బుపడటంతో ఢిల్లీకి తిరిగి వచ్చాడు. 1316 జనవరిలో సుల్తాన్ చనిపోగానే బాలుడైన షిహాబుద్దీన్ ఉమర్‌ను సింహాసనంపై కూర్చోబెట్టి తానే అధికారం నడిపాడు. పెద్ద కుమారుడు ఖిజ్ర్ ఖాన్ కళ్లు తీయించాడు. నెల దాటి కొద్ది రోజులకే రాజభవనం కాపలా భటుల చేతిలో హతమయ్యాడు.

3. అమీర్ ఖుస్రో: విజయగాథ రచయిత

కాఫూర్ దండయాత్రలకు అతి దగ్గరి కాలపు రచన ఖుస్రో వచన గ్రంథం 'ఖజాయిన్-ఉల్-ఫుతూహ్'. 'విజయాల భాండాగారాలు' అని దాని అర్థం. పేరులోనే దాని పని తెలుస్తోంది. ఇది సుల్తాన్ విజయాలను ప్రకటించే రచన. అందులో నాయకుడు సుల్తానే. కాఫూర్ సుల్తాన్ చేతిలోని ఖడ్గం మాత్రమే. ఆ సేనాని స్వభావం ఏమిటి, సందేహాలు ఏమిటి, సైన్యంలోని తోటి అమీర్లతో ఎలా నెగ్గుకొచ్చాడు అన్న ప్రశ్నలకు ఈ గ్రంథంలో పెద్దగా జవాబులు దొరకవు.

ఖుస్రో శైలిని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ఉపమాన రంగాన్ని ఎంచుకుని, ఆ భాగమంతా అవే పోలికలతో నింపుతాడు. ఒకచోట నక్షత్రాలు, మరోచోట నీరు, ఇంకోచోట ఆటలు. అందువల్ల ఒక వివరం కనిపించినప్పుడు, అది నిజంగా జరిగింది కనుక వచ్చిందా, లేక పోలిక వరస నిలవడానికి వచ్చిందా అని అడగాలి. లొంగిపోయిన ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు వేసి పంపాడని ఖుస్రో చెబుతాడు. అది పంపిన మాట నిజమే కావచ్చు. కాని విజయగాథకు ఇంతకన్నా తగిన చిత్రం దొరకదు కాబట్టి, ఒక్క ఖుస్రో మాట మీదనే దాన్ని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది.

అయితే ఖుస్రోను పూర్తిగా పక్కన పెట్టడం కూడా పొరపాటే. ఓరుగల్లు మట్టికోట ఎంత గట్టిదో అతను విస్తారంగా వర్ణిస్తాడు. ఉక్కు బల్లెం దిగదట. యంత్రం విసిరిన రాతిగుండు పిల్లలు ఆడుకునే కాయలా వెనక్కి ఎగిరిపడుతుందట. శత్రువు కోట ఎంత దుర్భేద్యమైతే గెలుపు అంత గొప్పది కనుక ఈ అతిశయోక్తి సుల్తాన్ కీర్తి కోసమే. కాని బయట మట్టికోట, లోపల రాతికోట, వాటి చుట్టూ కందకాలు అన్న అమరిక మాత్రం కల్పన కాదు. ఈనాటికీ వరంగల్‌లో ఆ ఆనవాళ్లు చూడవచ్చు. పొగడ్త రచయితది, సమాచారం చరిత్రది. రెండింటినీ విడదీయడమే విమర్శకుని పని.

కాఫూర్ ఢిల్లీకి తెచ్చిన ఆభరణాల్లో ప్రపంచంలో సాటిలేని ఒక మణి ఉందని కూడా ఖుస్రో రాశాడు. అదే కోహినూర్ అని తరవాతి కాలంలో ప్రచారమైంది. ఖుస్రో ఆ పేరు వాడలేదు. ఒక ప్రశంసా వాక్యం కాలక్రమంలో 'చారిత్రక సత్యం'గా ఎలా మారుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

4. బరనీ: కులీనుని తీర్పు

జియావుద్దీన్ బరనీ 'తారీఖ్-ఇ-ఫిరూజ్ షాహీ'ని 1357లో ముగించాడు. అంటే కాఫూర్ చనిపోయి అప్పటికి నలభై ఏళ్లు దాటాయి. బరనీ వంశం ఢిల్లీ కొలువులో పేరున్నది. అతని పినతండ్రి అలా-ఉల్-ముల్క్ అల్లావుద్దీన్ కాలంలో ఢిల్లీ కొత్వాలు. బరనీ స్వయంగా ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర చాలా ఏళ్లు ఆంతరంగికుడుగా ఉన్నాడు. ఆ సుల్తాన్ మరణం తరవాత కొలువు పోయి, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో పేదరికంలో ఈ గ్రంథం రాశాడు.

'ఫతావా-ఇ-జహాందారీ' అనే మరో గ్రంథంలో బరనీ తన రాజనీతిని చెప్పాడు. ఉన్నత వంశీయులకే పదవులు ఇవ్వాలి, తక్కువ పుట్టుక వారికి అధికారం ఇస్తే రాజ్యం పాడవుతుంది అన్నది అందులో గట్టిగా వినిపించే మాట. ఇప్పుడు కాఫూర్ కథను ఈ సిద్ధాంతం పక్కన పెట్టి చూడండి. బానిస, నపుంసకుడు, మతం మారినవాడు రాజ్యంలో రెండో స్థానానికి ఎదిగాడు. ఆ వెంటనే సుల్తాన్ కుటుంబం నాశనమైంది. బరనీ సిద్ధాంతానికి ఇంతకన్నా అనువైన ఉదాహరణ లేదు. అందుకే అతని రచనలో కాఫూర్ ఎదుగుదలకు సుల్తాన్ మోహం ఒక్కటే కారణంగా కనిపిస్తుంది. సేనానిగా అతని సామర్థ్యానికి తగిన చోటు దొరకదు.

చివరి రోజుల్లో కాఫూర్ చేసిన క్రూరకార్యాలు కల్పితాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. రాకుమారుల కళ్లు తీయించిన సంగతి ఇతర రచనల్లోనూ ఉంది. ఖుస్రో కూడా ఖిజ్ర్ ఖాన్ ప్రేమగాథ రాసినప్పుడు అతని విషాదాంతాన్ని చెప్పాడు. మన అభ్యంతరం వేరు. సింహాసనం కోసం రక్తం చిందించడం ఆ రాజవంశంలో కాఫూర్‌తో మొదలు కాలేదు. అల్లావుద్దీన్ స్వయంగా 1296లో తన పినతండ్రి, మామ అయిన జలాలుద్దీన్‌ను చంపించి గద్దెనెక్కాడు. జలాలుద్దీన్ కొడుకుల కళ్లు తీయించాడు. పని ఒకటే అయినా, చేసిందెవరు అన్నదాన్ని బట్టి వివరణ మారుతోంది. రాజవంశీయుడు చేస్తే అది రాజకీయం. బానిస చేస్తే అది అతని నీచమైన పుట్టుక ఫలితం. ఈ తేడాను గుర్తించకపోతే, బరనీ దురభిప్రాయాన్నే మనం చరిత్రగా పరీక్షల్లో రాస్తాం.

అయితే బరనీ అనుకోకుండా ఇచ్చే సమాచారం చాలా విలువైనది. ఓరుగల్లుకు పంపేముందు అల్లావుద్దీన్ ఇచ్చిన సూచనలను అతను నమోదు చేశాడు. రాజు ధనం, ఏనుగులు ఇచ్చి కప్పం కడతానంటే ఒప్పుకోవాలి, మరీ పట్టుపట్టకూడదు. చిన్న తప్పులకు అమీర్లను కఠినంగా శిక్షించకూడదు. దండయాత్ర ఉద్దేశం రాజ్యాన్ని కలుపుకోవడం కాదు, ధనం తేవడం అని దీనివల్ల స్పష్టమవుతోంది. దేవగిరి రామచంద్రుడు ఢిల్లీ సైన్యానికి సరుకులు, అంగళ్లు ఏర్పాటు చేశాడని కూడా బరనీయే చెబుతాడు. తెలంగాణ దారుల్లో ఠాణాలు దెబ్బతిని నలభై రోజులకు పైగా సైన్యం కబురు అందక సుల్తాన్ కలత చెంది, నిజాముద్దీన్ ఔలియా దగ్గరకు మనిషిని పంపాడట. బరనీ దీన్ని ఔలియా మహిమగా చెప్పాడు. మనకు మాత్రం ఇందులో ఆనాటి తపాలా వ్యవస్థ, ఓరుగల్లు ముట్టడి అంత సులువుగా సాగలేదన్న సంగతి కనిపిస్తాయి.

5. ఇసామీ: దక్కనులో నిలిచిన గొంతు

ఇసామీ 1350 ప్రాంతంలో 'ఫుతూహ్-ఉస్-సలాతీన్' అనే పద్యచరిత్రను దక్కనులో, బహమనీ రాజ్య స్థాపకుని ఆశ్రయంలో రాశాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు తరలించిన కుటుంబాల్లో అతనిదీ ఒకటి. అతని కోపం ప్రధానంగా తుగ్లక్ మీద. కాఫూర్ మీద బరనీకున్నంత పంతం అతనికి లేదు. అతని కథనంలో దేవగిరి పాలకుడైన కాఫూర్ ప్రజలతో మెత్తగా నడుచుకున్నవాడుగా కనిపిస్తాడు. ఒకే మనిషి ఢిల్లీ నుంచి చూస్తే ఒకలా, దేవగిరి నుంచి చూస్తే మరోలా ఉన్నాడు. ఇసామీ కూడా ఆశ్రయదాత మెప్పు కోరినవాడే కనుక అతని మాటకూ అదే పరీక్ష వర్తిస్తుంది.

6. అంకెల పరీక్ష

1311లో కాఫూర్ దక్షిణం నుంచి తెచ్చిన సంపదకు రెండు లెక్కలు ఉన్నాయి. ఖుస్రో ప్రకారం 512 ఏనుగులు, 5,000 గుర్రాలు, 500 మణుగుల రత్నాలు. బరనీ ప్రకారం 612 ఏనుగులు, 20,000 గుర్రాలు, 96,000 మణుగుల బంగారం. ఏనుగుల సంఖ్యలో తేడా కొద్దిపాటిది. గుర్రాలు నాలుగింతలు పెరిగాయి. పొగడటమే పనిగా పెట్టుకున్న ఖుస్రో లెక్కే తక్కువగా ఉండటం గమనించండి. అతను ఘటన జరిగిన కాలంలో రాశాడు. చూసినవాళ్లు బతికే ఉన్నారు. బరనీ వృద్ధాప్యంలో, జ్ఞాపకం మీద ఆధారపడి రాశాడు. నలభై ఏళ్లలో గుర్రాలు పెరిగాయంటే ఆశ్చర్యం లేదు.

మాబర్ దండయాత్రను అంకెలతో మాత్రమే కొలిస్తే అది ఘన విజయం. సైనిక దృష్టితో చూస్తే అంత నిండైన విజయం కాదు. సుందర పాండ్యుడు, వీర పాండ్యుడు అన్నదమ్ముల తగాదాలో ఉన్నా, ఇద్దరిలో ఎవరూ కాఫూర్ చేతికి చిక్కలేదు. వానలు సైన్యాన్ని ఇబ్బంది పెట్టాయి. మధుర చేరేసరికి రాజు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. దక్షిణాది రాజ్యాల మధ్య పోరు, ఒక్కొక్క రాజు లొంగిపోయి తరవాతి దాడికి సాయపడటం కాఫూర్ గెలుపుల్లో పెద్ద పాత్ర వహించాయి. ఖుస్రో ఉపమానాల మధ్య ఈ అంశం మరుగున పడుతుంది.

7. తెలుగు నేల సాక్ష్యం

1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరవాత కొద్ది కాలానికి వెలువడిన ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం ప్రతాపరుద్రుడు తురుష్కులను పలుమార్లు ఓడించాడని, చివరకు బందీ అయి నర్మదా తీరాన మరణించాడని చెబుతుంది. పారశీక రచనలు లొంగుబాటును చెప్పినచోట ఈ శాసనం పరాక్రమాన్ని చెప్పింది. ఇది కూడా ప్రశస్తి రచనే. మనవారు రాశారు కనుక దీన్ని పరీక్ష లేకుండా నమ్మి, పరాయివారు రాశారు కనుక ఖుస్రోను తోసిపుచ్చితే అది విమర్శ కాదు, పక్షపాతం. రెండు వైపుల ప్రశస్తులనూ ఒకే తూకపురాయితో తూచాలి.

8. సారాంశం

మాలిక్ కాఫూర్ సమర్థుడైన సేనాని అన్నది అతని దండయాత్రల వరసే చెబుతుంది. అధికారం కోసం క్రూరంగా ప్రవర్తించాడన్నది ఒకటికి మించిన రచనలు చెబుతున్నాయి. కాని అతను 'బానిస కనుక' అలా చేశాడన్నది బరనీ అభిప్రాయం మాత్రమే. ఖుస్రో అతన్ని సుల్తాన్ ఖడ్గంగా, బరనీ ఒక గుణపాఠంగా వాడుకున్నారు. రచయిత తన వాదానికి అవసరం లేకుండా, మాటవరసకు చెప్పిన వివరాలే (దారులు, తపాలా, సరుకులు, కోట గోడలు) తరచు ఎక్కువ నమ్మదగినవి. తీర్పులను పరీక్షించాకే స్వీకరించాలి.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కాఫూర్ చిత్రణలో ఖుస్రో, బరనీల దృక్పథాలను పోల్చి విమర్శించండి.
2. కాఫూర్ దక్షిణ దండయాత్రల ఉద్దేశం రాజ్యవిస్తరణా, ధనార్జనా? ఆధారాలతో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఓరుగల్లు కోటపై ఖుస్రో వర్ణనలో అతిశయోక్తిని, సమాచారాన్ని వేరు చేయండి.
2. విలస తామ్రశాసనాన్ని చారిత్రక ఆధారంగా వాడుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి?