అన్నీ ముందువరుసలోనే

చేర్యాల నకాశీ పటంలో దూరం ఉండదు. కొండలు వెనకెక్కడో మసగ్గా కనబడవు, మనుషుల నీడలు నేలమీద సాగవు. దేవుడు, రాక్షసుడు, పులి, చెట్టు, అందరూ కళ్లెదుటికే వచ్చి నిలబడతారు. వెనకున్నదల్లా ఎరుపు. బొమ్మను ముందుకు తోసేది ఆ ఎరుపే. దీన్ని చూసి, వెనకాముందూ తెలియని పల్లెటూరి పని అని పెదవి విరిచేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఈ పటాలు రాసే నకాశీలకు లోతు అక్కర్లేదు, అందుకే గీయలేదు.

ఎందుకక్కర్లేదో చెబుతాను. ఈ పటాలు గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడిగెలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు వీటిని రాయించుకునేవారు. వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై నలభై అడుగులు కూడా ఉండేది. రాత్రిపూట వాడ నడుమ పటం వేలాడగట్టి, ఒక్కో గడినీ కర్రతో చూపిస్తూ పాడుతుంటే, చివర కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరెవరో తెలియాలి. అందుకే కథలో ముఖ్యుడు పెద్దగా, తక్కినవాళ్లు చిన్నగా ఉంటారు. అడవికి ఒక్క చెట్టు చాలు. రాజమందిరానికి రెండు స్తంభాలు, ఒక తెర. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు. రంగే పాత్ర పరిచయం.

సరంజామా మామూలుదే: ఖద్దరు బట్ట, దానిమీద చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపిన పూత. సంప్రదాయంగా ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి. ఇక పుట్టుక మాటకొస్తే, ఇది మొగలుల కాలంలో ఉత్తరాది నుంచి వచ్చిన విద్య అని కొందరు, కాదు ఇక్కడిదేనని కొందరు అంటారు. అది పండితులు తేల్చుకుంటారు.

చేయి చూడాలి, చేయి! పేరున్న నకాశీ పెన్సిల్ పట్టడు. ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా బట్టమీదే బొమ్మ వేస్తాడు. ముందు బొమ్మల చుట్టూ ఎరుపు నింపి, తర్వాత ఒళ్లు, బట్టలు, నగలు తీరుస్తాడు. అన్నిటికంటే చివర నల్లగీత. పద్మశాలీల పురాణంలోని భావనారుషి ఎక్కిన పులిని దగ్గరగా చూడండి. మెడ నుంచి తోకదాకా గీత ఎక్కడా తడబడదు. వంపు దగ్గర లావెక్కి, కొస దగ్గర వెంట్రుకలా సన్నబడుతుంది. ఆ గీత పడ్డాకే పులి ఎరుపులోంచి బయటికి దూకుతుంది. జాతీయ పురస్కారం అందుకున్న ధనాలకోట వైకుంఠం గారి గీత ముందు, ఆర్టు కాలేజీల్లో ఏళ్లకేళ్లు చదివినవాళ్లు కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇది అభిమానమే అంటే, అవును, అభిమానమే!

అలాంటి విద్యకు పట్టిన గతి చూడండి. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు, పటం రాయించుకునేవాళ్లు పోయారు. నలభై అడుగుల కథ నాలుగంగుళాల తాళంచెవి బిళ్లకు కుదించుకుపోయింది. అంతకంటే ఘోరం, మిషన్ మీద అచ్చుగుద్దిన బట్టలు ‘చేర్యాల’ పేరుతో అమ్ముడుపోవడం. వాటి ఎరుపు చప్పన, గీతకు ఊపిరి లేదు. కొందరైతే బుగ్గలకు నీడలద్ది, వెనక ఆకాశం, మబ్బులు పెట్టి ‘ఆధునికం’ చేశామంటున్నారు. మబ్బు పెట్టిన మరుక్షణం పులి వెనక్కి పోయింది. ఇంక అది చేర్యాల పటమెలా అవుతుంది? చేర్యాల పటాలకు దక్కిన భౌగోళిక గుర్తింపు కాగితం మీద ఉంటే సరా, సంతలో నకిలీని ఆపేవాళ్లుండొద్దూ?

సిద్దిపేట జిల్లా చేర్యాల హైదరాబాదుకు దూరమేం కాదు. కొనేవాళ్లు అక్కడికే వెళ్లండి. పటాన్ని వేలితో తడిమి చూడండి, పూత గరుకు తగలాలి. బొమ్మలోని కథేమిటో అడగండి, రాసినవాడు చెప్పగలగాలి. బేరమాడకండి. ఒక్క గడి బొమ్మతో సరిపెట్టుకోకుండా, కుదిరితే మీ కులపురాణమో, మీ ఊరి కథో పూర్తి పటంగా రాయించుకోండి. నకాశీకి సన్మానాల కంటే పని ముఖ్యం.