తల ఎవరు పట్టుకుంటారు?

మోకు జారి తాటిచెట్టు మీంచి మనిషి పడ్డాడంటే చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా పరుగెత్తుకొస్తారు. ఒకరు చంకల్లో చేతులేసి లేపుతారు, ఇంకొకరు కాళ్లు ఎత్తుతారు, మరొకరు నోట్లో నీళ్లు పోస్తారు. చూస్తుండగానే ఆటోలో కూర్చోబెట్టేస్తారు. ప్రేమకేం లోటు లేదు. వేలాడిపోతున్న తల సంగతే ఎవరికీ పట్టదు.

గీత కార్మికులకు ప్రథమ చికిత్స నేర్పడానికి వెళ్తే నేను ముందు అడిగేది అదే. తల ఎవరు పట్టుకుంటారు?

మెడలో 7 పూసలు. ఊపిరి పీల్పించే డయాఫ్రంకు నరాలు మెడలోని వెన్నుపాము నుంచే వెళ్తాయి. పూస విరిగినా వెన్నుపాము బతికి ఉండొచ్చు. ఆ తర్వాత మనం ఎత్తి కుదిపే తీరుకు అదీ నలిగిపోవచ్చు.

పట్టుకోవడం ఒక పనితనం. పడ్డవాడి తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు నేలకో తొడలకో ఆనించి, రెండు అరచేతులతో తలను కదలకుండా పట్టాలి. చెవులు మూయకూడదు, అతను మన మాట వినాలి. అతను తల తిప్పి చూడాల్సిన పని లేకుండా ఇంకొకరు ఎదురుగా వచ్చి మాట్లాడాలి. "తల ఊపకు అన్నా, నోటితో చెప్పు" అనాలి. వాంతి వస్తే తల, భుజాలు, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి పక్కకు దొర్లించాలి. ఎప్పుడు కదపాలో చెప్పేది తల పట్టుకున్నవాడే, పెద్దమనిషి కాదు. 108 వాళ్లొచ్చి స్ట్రెచర్ మీద కట్టేదాకా ఆ చేతులు తీయకూడదు.

మెడకు కాలర్ వేస్తే సరిపోదా అంటారు. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. కొలత కుదరని కాలర్ మెడను కుదురుగా ఉంచదు సరికదా, నొప్పి పెంచుతుంది. డెన్మార్క్‌లో 2019లో వచ్చిన మార్గదర్శకాలైతే గట్టి కాలర్‌ను మామూలుగా వాడొద్దనే సూచించాయి. తువ్వాలు మెడకు బిగించడం ఇంకా ప్రమాదం.

ఊపిరి ఆగితే మాత్రం మెడ కన్నా ఊపిరే ముందు. తల వెనక్కి వంచకుండా కింది దవడను ముందుకు నెట్టి దారి తెరవాలి. అప్పటికీ ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాల్సిందే.

తెలంగాణలో 2024 జూలై నుంచి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అనే భద్రతా కిట్లు ఇస్తున్నారు, మంచిదే. ఆ కిట్ల శిక్షణలోనే ఇంకో అరగంట తీసుకుని, కింద నిలబడేవాళ్లకు ఈ పట్టు కూడా నేర్పండి.