తరంగాల లెక్క సరిచూసేవారు

చమురు బావి ఫలిస్తే మెప్పంతా భూమి పొరల చిత్రాన్ని చదివినవారికే దక్కుతుంది. ఆ చిత్రం నమ్మదగినదని ముందుగా తేల్చినవారిది కూడా గొప్ప పనితనమే.

ఆ చిత్రం సీస్మిక్ సర్వేలో నమోదైన తరంగాల నుంచి వస్తుంది. ఆ నమోదును దాచే సెగ్-వై ఫైల్‌లో ప్రతి ట్రేస్‌కూ (ఒక రిసీవర్ నమోదు చేసిన తరంగానికి) ముందు 240 బైట్ల హెడర్ ఉంటుంది: తరంగం పుట్టించిన షాట్ ఎక్కడ, రిసీవర్ ఎక్కడ, మధ్య దూరమెంత. డేటా సరిచూసేవారు ఆ రాతకు తరంగాన్నే సాక్షిగా నిలబెడతారు. తొలి తరంగం చేరిన సమయం ఆ దూరానికి పొసగకపోతే, రాసిన స్థానాన్ని అనుమానించాల్సిందే. పోలారిటీ (తరంగం దిశ) తిరగబడిన ట్రేస్‌లను అలాగే వదిలేస్తే, ట్రేస్‌లను ఒకదానితో ఒకటి కూడే స్టాకింగ్‌లో అవి మంచి సంకేతాన్నే చెరిపేస్తాయి.

నేలా సముద్రమూ రెండూ ఉన్న కృష్ణా-గోదావరి బేసిన్ లాంటి చోట ఈ పని మరీ కష్టం. నేల మీద డైనమైట్, జియోఫోన్. సముద్రంలో ఎయిర్‌గన్, హైడ్రోఫోన్. జియోఫోన్ నేల కదలిక వేగాన్ని కొలిస్తే, హైడ్రోఫోన్ నీటి ఒత్తిడిని కొలుస్తుంది. వేర్వేరు ఏళ్ల సర్వేలను కలిపేటప్పుడు శాంపిల్ వ్యవధి, ఫేజ్, కోఆర్డినేట్ల పద్ధతి అన్నీ ఒక్క తీరుకు రావాలి. రెండు సర్వే లైన్లు కలిసే చోట ఒకే పొర ఒకే సమయంలో కనిపించాలి. తరంగ వేగం సెకనుకు 2,000 మీటర్లయితే, రానూపోనూ సమయంలో 10 మిల్లీసెకన్ల తేడా అంటే లోతులో 10 మీటర్ల తేడా.

సాఫ్ట్‌వేర్ తేడాను చూపగలదు. తప్పు పరికరానిదా, రాతదా, నేల స్వభావమా అన్నది తేల్చేది మాత్రం అనుభవమే. సర్వే నివేదికలో ఆ పరిశీలకుల పేర్లు కూడా ముందు వరుసలోనే ఉండాలి.