మొర పెట్టుకొను విద్య

మగపిల్లవాడవై యుండి ఏడ్చెదవేమను మందలింపు బాల్యమున వినని పురుషుడు మనలో అరుదు. ఆ మందలింపుతోనే పెరిగి పెద్దవాడై, అప్పు మీదపడినను, ఉద్యోగము పోయినను, నలుగురిలో నవ్వుచు, ఇంట మౌనముగా కూర్చుండి, నిద్రాహారములకు దూరమై, తనకేమైనదో చెప్పుకొనుటకు జంకుచు బ్రతుకువారు మన వీధివీధిని కలరు. 2022వ సంవత్సరమున మన దేశములో ఆత్మహత్య చేసికొన్నవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా పురుషులేయని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెప్పుచున్నవి.

భార్య గతించిన పిమ్మట నేనట్టి మౌనములో మునిగియుండగా, నన్ను మరల మాటలోనికి తెచ్చినది మా రామాలయమున శనివారపు రాత్రులు జరుగు భజన. ముందొకరు చరణమెత్తుకొనగా వెనుకవారు తాళములతో అందుకొందురు. గొంతు కలిపినవాడు పాడుచున్నాడో ఏడ్చుచున్నాడో ప్రక్కవానికి తెలియదు, తెలిసినను అడుగడు. ప్రసాదము తినుచు అరుగుమీద కూర్చుండినవేళ, “నిద్ర పట్టడంలేదు గురువుగారూ, బ్రతకాలని లేదు” అని నేను నోరు విప్పితిని. మా భజన గురువుగారు నడుమ అడ్డుపడక ఆసాంతము విని, “రేపు డాక్టరుగారి దగ్గరికి నేనూ వస్తాను బాబూ” అని మాత్రము పలికిరి. ఆయన అట్లు వినుట నాకు భగవద్గీతను గుర్తుచేసినది. దాని ప్రథమాధ్యాయమున కృష్ణుడు పలికినది ఒక్క వాక్యమే. అదియును అర్జునుడు విలపింపక మునుపటిది. గాండీవము జారిపోవుచుండ, నోరెండ, ఒడలు వణక అర్జునుడు చెప్పుకొన్నంతసేపును ఆయన వినుచునే యుండెను.

మా భజనలో అధికభాగము రామదాసు కీర్తనలు. భద్రాచల ప్రాంతమునకు తహశీలుదారై, ప్రభుత్వ ధనముతో ఆలయము కట్టించి, గోలకొండ ప్రభువు తానీషా ఆగ్రహమునకు గురియై అచ్చటి చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గినాడని ప్రసిద్ధి వహించిన ఆ రామదాసు, అనగా కంచర్ల గోపన్న, వినయము మాత్రమే పాడియుండినచో ఆ పాటలు మనవంటివారి నోట నేటివరకు నిలిచియుండెడివి కావని నా దృఢవిశ్వాసము. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఆయన సీతకును, రాముని తమ్ములకును చేయించిన నగల వ్యయము లెక్కచెప్పి, ఆ సొమ్మెవరిదని నిలదీసి, పిమ్మట దెబ్బల బాధకోర్వలేక తిట్టితినని క్షమాపణము వేడుకొన్నాడు. బాధపడు మనస్సున కోపమును శరణాగతియు ఎంత దగ్గరగా నుండునో చెప్పుటకు ఇంతకన్న నిజమైన సాక్ష్యము నేనెరుగను. రాముడు పలుకనప్పుడు ఆయన సీతమ్మకు మొరపెట్టి, ఏకాంతమున పతితో తన మాట చెప్పుమని ప్రాధేయపడినాడు. తన బాధను వేరొకరి సాయముతో విన్నవించుకొనుట భక్తికి లోపమని ఆయన తలచలేదు.

దైవమును నమ్మినవానికి మందులెందుకని అడుగువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. నేను డాక్టరుగారిచ్చిన మాత్రలు మ్రింగుచునే భజనకు పోయితిని. మాత్రలతో నిద్ర వచ్చినది, భజనతో మనుష్యులు వచ్చిరి. రెండింటిలో దేనిని విడిచినను నేను కోలుకొనియుండెడివాడను కాను.

ఈ వాక్యములు చదువుచు తన్నుగూర్చియే వ్రాసినారని తలచు సోదరుడెవరైన నున్నచో, నేడే ఒక్కరితోనైనను చెప్పుకొనుమని వేడుచున్నాను. చెప్పుకొనదగిన మనిషి చెంత లేనిచో, 14416 అను టెలీమానస్ మానసికారోగ్య సహాయ సంఖ్యకు రాత్రియనక పగలనక ఫోను చేయవచ్చును. అది ప్రభుత్వము ఉచితముగా నడపునది, తెలుగులోనే మాటలాడవచ్చును.