చారిత్రకనవలాద్వేషము: జాతియందా, వ్యక్తియందా?

చారిత్రకనవల యనఁగానే విముఖుఁడగు పాఠకుఁడు పిడుగురాళ్లవాఁడైనచో నాతని యాక్షేపణము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. ఆ ప్రాంతమందలి కారెంపూడిలోఁ బలనాటి వీరులకుఁ గార్తికమాసమున నేఁటికిని నుత్సవము జరుగుచున్నది. పూజలందు వీరునకు నవలాకారుఁడు లేని మాటలను, లేని చేష్టలను నంటఁగట్టిన నది యాతనికిఁ గథ గాదు, అసత్యము.

కాని కల్పనమే దోషమగునేని, అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బ్రకటించిన పల్నాటి వీరచరిత్రయు దోషయుక్తమే కావలయును. యుద్ధము 12వ శతాబ్దిది. ఆ ద్విపదకుఁ గర్తయని ప్రసిద్ధుఁడగు శ్రీనాథుఁడు 15వ శతాబ్దివాఁడు. బాలచంద్రుఁడు తల్లితోఁ బలికిన పలుకులను విని వ్రాసినవా రెవ్వరు? అవి పాత్రోచితము లగుటచేతనే జనులు వానిని సత్యముగాఁ గైకొనిరి. కావున దోషము కల్పనమునందు లేదు, అనౌచిత్యమునందుఁ గలదు.

శబ్దమునకు జాతి యర్థమని వాజప్యాయనుఁడును, వ్యక్తి యర్థమని వ్యాడియుఁ జెప్పిరి. పాణిని కుభయమును సమ్మతమని భాష్యకారుని నిర్ణయము. విమర్శనమున మాత్రము వ్యాడిమతమే శరణ్యము: నింద్యమగునది యొక్కొక్క నవల గాని నవలాజాతి గాదు. అపరాధపరిశోధకనవలకును నిదే న్యాయము. రహస్యము విడినంతనే రుచి యడఁగు పుస్తకము విడువఁదగును. మఱలఁ జదివించునది నిలుచును. జాతినే బహిష్కరించు పాఠశాలలో బాలురు దోషముతోఁబాటు గుణమును గోల్పోదురు.