సెగ మీద తేలే నాదం

మంచి డప్పు ఏదో సెగ చూపిస్తే గాని తెలియదు. కరీంనగర్ పల్లెల్లో డప్పు ఎంచుకునే మనిషి ముందు చెక్క గుండ్రాన్ని చూస్తాడు. అతుకు గట్టిగా ఉందా, బరువు భుజం ఓర్చేలా ఉందా అని చూస్తాడు. తోలు మందం ఎక్కడైనా తప్పిందేమోనని బొటనవేలితో తడుముతాడు. చింతగింజల జిగురుతో అంచుకు అంటించి, వెనక వార్లతో నడిమి ఇనుప ఉంగరానికి లాగి కట్టిన బిగువును పట్టి చూస్తాడు. ఇంత చూసినా నోరు విప్పడు. గడ్డో తాటాకో వెలిగించి, డప్పు ముఖాన్ని మంటకు చూపి మెల్లగా తిప్పుతాడు.

ఆ కాసేపూ చెవి పెట్టాలి. మొదట వేలితో తడితే 'దబ్' అని మొద్దుగా పలుకుతుంది. తోలులోని చెమ్మ ఆరుతున్నకొద్దీ నాదం పైకి లేస్తుంది. 'దబ్' కాస్తా 'ధన్' అవుతుంది, ఆ తర్వాత ఖంగుమంటుంది. ఇంకొంచెం కాగితే తోలు పగులుతుంది. ఆ అంచు దాకా తీసుకెళ్లి ఆపగలిగిన చెవే నిజమైన చెవి. పలుచటి తోలు త్వరగా కాగి, చురుగ్గా పలికి, త్వరగానే దిగిపోతుంది. మందపు తోలు ఆలస్యంగా లేచినా లోతుగా నిలుస్తుంది. నాకు ఆ రెండోదే ఇష్టం.

డ్రమ్ కిట్‌లో స్నేర్ ఎంచుకునేవారి వెతుకులాటా ఇలాంటిదే. 14 అంగుళాల ఆ డ్రమ్ముకు అడుగు పొర మీద సన్నటి తీగలు ఆనించి ఉంటాయి. పైన దెబ్బ పడగానే అవి అదిరి శబ్దానికి కరకు తెస్తాయి. డప్పుకు తీగలు లేవు. ఆ కరకునంతా ఎడమచేతిలోని సిటికెన పుల్ల ఇస్తుంది. పొడుగ్గా, సన్నగా ఉండే ఆ పుల్ల తోలు మీద వాలుగా పడి 'చిట్'మంటుంది. కుడిచేతిలోని పొట్టి సిర్ర నడుమ గుద్ది 'ధన్'మనిపిస్తుంది. ఒకటి కాలాన్ని ముక్కలుగా తరుగుతుంటే, మరొకటి ఆ ముక్కల మీద బరువు మోపుతుంది. పెండ్లి దరువులో ఈ రెండూ ఒకదాన్నొకటి తరుముతాయి. సావు దరువులో వాటి మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడంలోనే దుఃఖం ఉంటుంది.

ఆషాఢంలో బోనాలు ఎత్తేటప్పుడు ముసురులో తోలు నిమిషాల్లో మెత్తబడుతుంది. మళ్లీ మంట, మళ్లీ దరువు. మే నెల పెండ్లిళ్లకు మాత్రం ఎండే సగం పని చేసిపెడుతుంది.

తోలు ఊనినవాళ్లను, డప్పు కట్టినవాళ్లను, కొట్టినవాళ్లను ఊరు దూరంగానే నిలబెట్టింది. మాదిగల చేతుల్లో ఇది శతాబ్దాలు వెట్టిగా మోగింది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర నాటి రైతుకూలీ ఉద్యమాలు ఆ వెట్టిని ప్రశ్నించాయి. అదే డప్పు జననాట్యమండలి విప్లవ పాటకూ, తర్వాత తెలంగాణ ఉద్యమపు ధూంధాంకూ గుండె అయింది. ఆ నాదాన్ని మెచ్చుకుంటూ ఆ చేతులను మరిచిపోయే రసికత నాకు అక్కరలేదు.

ఆదిలాబాద్ అడవుల వైపు వెళితే డప్పుకు తోడు దొరుకుతుంది. దీపావళి రోజుల్లో రాజ్‌గోండుల దండారి ఆటబృందం కదిలినప్పుడు డోలు, తుడుం, గుమేల, పెప్రె, కాలికోం కలిసి మోగుతాయి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు అడుగు వేస్తారు. ఈ ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు 2024లో కన్నుమూశారు. గుస్సాడీ కాలి గజ్జెలు డోలు దెబ్బకు చేసే మేలు, స్నేర్‌కు దాని తీగలు చేసే మేలు లాంటిదే. బరువైన దెబ్బకు సన్నటి గలగల అంచు కడుతుంది.

ఇప్పుడు ఇనుప చట్రానికి ప్లాస్టిక్ పొర బిగించి, బోల్టులతో శ్రుతి చేసే డప్పులు ఎక్కువయ్యాయి. డ్రమ్ కిట్ లోకంలో ఈ మార్పు 1950ల చివర్లోనే, పాలియెస్టర్ పొరలతో మొదలైంది. ప్లాస్టిక్ డప్పు వానకు వెరవదు, మంట అడగదు. పెండ్లి ఊరేగింపులో రాత్రంతా కొట్టే మనిషికి అది పెద్ద సాయమే, కాదనను. అయినా ఎవరైనా కుర్రవాడు కొనే ముందు అడిగితే తోలుదే తీసుకొమ్మంటాను. దాన్ని విడిగా మోగించి తేల్చుకోవద్దంటాను. తోటివాళ్ల డప్పులతో ఒకే మంట దగ్గర కాచి, కలిపి కొట్టి చూడాలి. నాలుగు తోళ్లు కలిసి కాగినప్పుడు శ్రుతులు దగ్గరపడతాయి గాని పూర్తిగా ఒకటి కావు. గుంపు దరువుకు నిండుదనం వచ్చేది ఆ కాస్త తేడా వల్లనే. ప్లాస్టిక్ డప్పుల వరసలో నాకు అది ఇంతవరకూ వినపడలేదు.